మూకీ కామెడీ ఇప్పటికీ ఎందుకు పేలుతోంది? వేగం, స్టంట్లు, సంగీతం, ప్రదర్శన గురించి చర్చ

కొత్తపేట_కుర్రాడు

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో మాటలు లేని మూకీల కాలపు కామెడీ హీరోలు చాప్లిన్, కీటన్, లాయిడ్ సినిమాలు వేద్దామని అనుకుంటున్నాం. చూసేవాళ్లలో ఆరేళ్ల పిల్లలూ ఉంటారు, డెబ్భై దాటిన పెద్దలూ ఉంటారు. కమిటీలో ఒకాయన మాత్రం ఒప్పుకోవడం లేదు. మనుషులు గబగబా గెంతినట్టు కనిపిస్తారు కాబట్టే నవ్వొస్తుంది, అంతకుమించి సరుకు లేదు, పిల్లలు పది నిమిషాల్లో లేచిపోతారు అంటాడు. నిజంగా అంతేనా? దేనితో మొదలుపెట్టాలి, ఎలా వేయాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రీలుపెట్టె

ముందు ఆ వేగం సంగతి తేల్చేద్దాం. సగం అపోహలకి మూలం అదే.

అప్పట్లో కెమెరాని చేత్తో తిప్పేవారు. హ్యాండిల్ ఒక చుట్టు తిరిగితే 8 ఫ్రేములు (విడివిడి బొమ్మలు) పడతాయి. సెకనుకి రెండు చుట్లు, అంటే 16 ఫ్రేములు. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు ఉంటాయి కాబట్టి వెయ్యి అడుగుల రీలు ఆ వేగంలో 16 నిమిషాల 40 సెకన్లు ఆడుతుంది. అదే రీలుని సెకనుకి 24 ఫ్రేముల్లో పెడితే 11 నిమిషాల 7 సెకన్లకే ఖాళీ. టాకీలు వచ్చాక సౌండ్ ట్రాక్ కోసం 24 ఖాయమైంది. తర్వాత టీవీల కోసం పాత ప్రింట్లన్నిటినీ కళ్లు మూసుకుని 24లోనే ఎక్కించారు. మీ కమిటీ ఆయన చూసి పెరిగింది ఆ కాపీలే.

అలాగని అన్నిటినీ 16లో వేయమని కాదు. 1910ల్లో తీసిన చిన్న సినిమాలకి 16 నుంచి 20 దాకా సరిపోతుంది. 1920ల చివరికొచ్చేసరికి హాళ్లలో 24కి దగ్గరగానే ఆడించేవారు. పైగా తరుముకునే సీన్లలో కామెడీవాళ్లు కావాలనే కెమెరాని మెల్లగా తిప్పించేవారు, 12కో 14కో. తెర మీద ఆ దృశ్యం చురుగ్గా కనబడాలనే అలా తీశారు. దాన్ని "సరిచేస్తాను" అని మామూలు నడక వేగానికి దింపితే గ్యాగ్ (నవ్వు పుట్టించే తమాషా) చచ్చిపోతుంది.

మీ దగ్గరున్న ఫైలు వేగం తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఇటుకో, పూలకుండీయో, ఏదైనా బరువైన వస్తువు కిందపడే షాట్ వెతకండి. టోపీ పనికిరాదు, గాలికి తేలుతుంది. ఐదడుగుల ఎత్తు నుంచి నేలకి రావడానికి 0.56 సెకను పడుతుంది. వీఎల్‌సీ ప్లేయర్లో 'ఈ' (E) కీ నొక్కుతూ ఒక్కో ఫ్రేము లెక్కపెట్టండి. 9 ఫ్రేములు వస్తే 16లో తీసినట్టు, 10 వస్తే 18, 13 వస్తే 24. ఫైల్లో ఒకే ఫ్రేము వెంటవెంటనే రెండుసార్లు కనిపిస్తే ఒకటిగానే లెక్కేయాలి. తరుముడు సీన్లో కాకుండా మామూలు సీన్లో చూడాలి.

18లో తీసినదాన్ని 24లో ఎక్కించి ఉంటే ప్లేబ్యాక్ వేగం 0.75 పెట్టండి. 20 అయితే 0.83. అంతకంటే కిందికి వెళ్లేముందు ఒకసారి ఆలోచించండి, మనుషులు నీళ్లలో నడిచినట్టు అయిపోతారు.

తోటరాముడు

రీలుపెట్టె అన్నా, ఇంకో రకం కాపీలు కూడా తిరుగుతున్నాయి కదా. మనిషి రెండడుగులు బాగానే వేస్తాడు, మూడో అడుగు దగ్గర చిన్న కుదుపు. మళ్లీ రెండు, మళ్లీ కుదుపు.

రీలుపెట్టె

అది సాగదీసి ప్రింటు కొట్టిన బాపతు, తమ్ముడూ. 16ని 24 చేయడానికి ప్రతి రెండో ఫ్రేముని రెండుసార్లు ముద్రించారు. వేగం సరిగ్గానే ఉంటుంది గానీ కదలికలో నున్నదనం పోతుంది. దాన్ని వేగం మార్చి బాగుచేయలేం, వేరే కాపీ వెతుక్కోవడమే. ఇప్పుడు ఇంకో తెగులు వచ్చింది. సాఫ్ట్‌వేరుతో మధ్యలో లేని ఫ్రేములు పుట్టించి 60కి పెంచిన వీడియోలు, రంగులు పూసినవి. చాప్లిన్ చేతికర్ర తిప్పితే ఆ కర్ర గాలిలో కరిగిపోయి మళ్లీ పుడుతుంది. వాటి జోలికి పోకండి.

సీతాఫల్‌మండి_సీత

వేగమే కారణమైతే సరైన వేగంలో వేసినప్పుడు నవ్వు రాకూడదు కదా. వస్తుంది, ఇంకా ఎక్కువ వస్తుంది. అసలు కారణం నా లెక్కలో ఫ్రేములో ఉంది. తల నుంచి కాలి దాకా మనిషి మొత్తం కనబడాలి, వాడికి ఏం జరగబోతోందో వాడికంటే ముందు మనకి తెలియాలి, మధ్యలో కట్ పడకూడదు. ఈ మూడూ ఒకేచోట దొరికితే పేలి తీరుతుంది.

ఉదాహరణకి కీటన్ 'వన్ వీక్' (1920). కొత్త పెళ్లికొడుకు పెట్టెల్లో వచ్చిన ముక్కలతో ఇల్లు కట్టుకుంటాడు. గిట్టనివాడు పెట్టెల మీద నంబర్లు మార్చేస్తాడు. ఇల్లు ఎలా తయారవుతుందో ఊహించుకోండి. చివర్లో ఆ ఇంటిని లాక్కెళుతుంటే సరిగ్గా రైలు పట్టాల మీద ఇరుక్కుంటుంది. రైలు వస్తోంది. మొగుడూ పెళ్లాం కళ్లు మూసుకుంటారు. రైలు పక్క పట్టాల మీంచి వెళ్లిపోతుంది. హమ్మయ్య అనుకునేలోపు ఎదురు దిక్కు నుంచి ఇంకో రైలొచ్చి ఇంటిని తునాతునకలు చేస్తుంది.

ఇక్కడ పని చేసింది ఫ్రేము అంచు. మొదటి రైలు వచ్చేటప్పుడు పట్టాలు రెండు జతలున్నాయన్న సంగతి ఆ కోణంలో మనకి తట్టదు. రెండో రైలు ఫ్రేము బయట నుంచి ఊడిపడుతుంది. మనల్ని మోసం చేశాడు కానీ అబద్ధం చెప్పలేదు, పట్టాలు మొదటినుంచీ అక్కడే ఉన్నాయి. ఇదే షాట్‌ని ఇవాళ ఎనిమిది ముక్కలుగా కోసి, రైలు చక్రం, పెళ్లాం మొహం, మళ్లీ చక్రం అని చూపిస్తే భయం పుడుతుందేమో గానీ నవ్వు పుట్టదు.

మెకానికల్_మావయ్య

సీతమ్మా, కట్ లేకపోవడం అన్నావు కాబట్టి దాని ఖరీదు ఎంతో చెబుతాను. 'స్టీమ్‌బోట్ బిల్, జూనియర్' (1928)లో ఇంటి ముందుగోడ మొత్తం కీటన్ మీద పడే షాట్. అటక కిటికీ సందు సరిగ్గా అతని మీదుగా దిగుతుంది, మనిషి నిలబడ్డచోటే నిలబడి ఉంటాడు.

సెట్ వేసింది సాక్రమెంటో నది ఒడ్డున. కథలో ముందు వరద అనుకున్నారు. 1927లో మిసిసిపీ వరదల్లో జనం పోయారని తుఫానుగా మార్చారు. గాలికి విమాన ఇంజన్లు బిగించిన ఆరు పెద్ద ఫ్యాన్లు. గోడ బరువు రెండు టన్నులని చెబుతారు. కిటికీలో తలకి, భుజాలకి, మడమలకి తలా రెండంగుళాలు మాత్రమే వెసులుబాటు పెట్టుకున్నామని కీటన్ తర్వాత చెప్పాడు.

చాలామంది అనుకునేది, ఐదున్నర అడుగుల మనిషి దూరాలంటే కిటికీ ఐదున్నర అడుగులుండాలని. అక్కర్లేదు. గోడ కింద అంచు దగ్గర బందు మీద తిరుగుతోంది. మనిషి గోడకి 12 అడుగుల దూరంలో నిలబడ్డాడనుకుందాం (ఇది లెక్క కోసం తీసుకున్న అంకె, సెట్ కొలత కాదు). ఒంటి మందం ఒక అడుగు వేసుకోండి. గోడకి దగ్గరి వైపు పాదం దగ్గర బందు నుంచి దూరం 11.5 అడుగులు. అవతలి వైపు తల పైభాగం దగ్గర 12.5కి, 5.5కి కర్ణం తీస్తే 13.66 అడుగులు. తేడా 2 అడుగుల 2 అంగుళాలు. కిటికీ ఎత్తు అంత ఉంటే చాలు, పైనా కిందా రెండేసి అంగుళాలు కలుపుకుంటే రెండున్నర అడుగులు. అదే మనిషి గోడకి 4 అడుగుల దూరంలో ఉంటే? 3.5 నుంచి 7.1 దాకా, అంటే 3.6 అడుగుల సందు కావాలి. అందుకే కింది తలుపు కాకుండా పైన అటక కిటికీ వాడుకోవడం మంచిది. సందు చిన్నదైనకొద్దీ చూసేవాడికి గుండె ఝల్లుమంటుంది.

కానీ దూరం పెరిగితే ఇంకో ప్రమాదం. బందు వరస ఒక్క డిగ్రీ వంకరగా ఉన్నా 12 అడుగుల దగ్గర కిటికీ రెండున్నర అంగుళాలు పక్కకి జరుగుతుంది. ఉన్న వెసులుబాటే రెండంగుళాలు! గోడ తేలికైతే ఆ ఫ్యాన్ల గాలికి పడుతూ పడుతూ మెలితిరుగుతుంది. బరువుగా, బిగువుగా కట్టక తప్పదు. అంత బరువైతే తగిలినవాడు బతకడు. రెండు వైపులా పట్టు ఒకేసారి వదలాలి, ఒక వైపు ముందు వదిలితే మూల ముందు దిగుతుంది. మనిషి నిలబడాల్సిన చోట నేలలో మేకు గుర్తు ఉంటుంది, దాని మీదే నిలబడాలి. ఇలాంటి దానికి రెండో టేక్ ఉండదు.

ఇది గాలిలోంచి పుట్టిన ఆలోచన కూడా కాదు. తోటి కామెడీ నటుడు ఆర్బకుల్‌తో చేసిన 'బ్యాక్ స్టేజ్' (1919)లో చిన్న సెట్ గోడతో ఇదే చేశారు. సీత చెప్పిన 'వన్ వీక్'లో ఇంకాస్త పెద్ద గోడతో చేశాడు. మూడోసారి అసలు సిసలు గోడ.

తోటరాముడు

మావయ్యా, ఇంజనీరింగ్ కాలేజీలో ఇలా చెప్పి ఉంటే కర్ణం అంటే భయం ఉండేది కాదు.

అయితే నాదొక అభ్యంతరం. ప్రమాదం నిజమైనది కాబట్టే గొప్ప అంటే లాయిడ్ ఏమైపోవాలి? 'సేఫ్టీ లాస్ట్' (1923)లో గడియారం ముల్లు పట్టుకుని వేలాడే షాట్ ట్రిక్కే కదా. జనం అరుస్తారు, నవ్వుతారు, రెండూ చేస్తారు.

సీతాఫల్‌మండి_సీత

ట్రిక్కే, కానీ కెమెరాలో చేసిన ట్రిక్కు కాదు, మేడ మీద చేసిన ట్రిక్కు. లాస్ ఏంజెలెస్‌లో నిజమైన భవనాల పైకప్పుల మీద నకిలీ గోడ కట్టారు. కథలో అతను పై అంతస్తుకి వెళ్లేకొద్దీ ఇంకా ఎత్తైన భవనం మీదికి సెట్ మార్చారు. పైకప్పు అంచు ఫ్రేములో పడకుండా కెమెరా కోణం పెట్టారు. వెనక కనిపించే వీధి, కార్లు, జనం అన్నీ నిజం. అతని కింద కొన్ని అడుగుల్లో పరుపులు పరిచిన వేదిక ఉంటుంది. దాని మీద బొమ్మని పడేసి చూస్తే అది ఎగిరి వీధిలో పడిందని లాయిడ్ తర్వాత చెప్పుకొచ్చాడు. దూరపు షాట్లలో ఎక్కింది బిల్ స్ట్రాదర్ అనే భవనాలెక్కే మనిషి. లాయిడ్ 1971లో పోయాక హార్వీ ప్యారీ అనే స్టంట్‌మ్యాన్ కూడా కొన్ని షాట్లలో తానే చేశానని బయటపెట్టాడు.

ఇంకొకటి. 1919లో ఫొటో కోసం ఉత్తుత్తి బాంబనుకుని పట్టుకున్నది పేలి లాయిడ్ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. తెర మీద కనిపించేది తొడుగు. ఆ చేత్తోనే గడియారం పట్టుకుని వేలాడాడు. సగం ట్రిక్కు, సగం నిజం అంటే ఇదీ.

ప్రమాదం నిజమా కాదా అన్నది ప్రేక్షకుడికి అంత ముఖ్యం కాదు. బరువు నిజంగా ఉందా లేదా అన్నది ముఖ్యం. శరీరం వేలాడితే భుజం సాగాలి, కాలు గోడ వెతుక్కోవాలి. కంప్యూటర్ బొమ్మలో తేలిపోయేది అక్కడే.

రీలుపెట్టె

చాప్లిన్ కూడా అదే చేశాడు, వేరే దారిలో. 'మోడరన్ టైమ్స్' (1936)లో కళ్లకి గంతలు కట్టుకుని అంతస్తు అంచున స్కేటింగ్ చేసే సీనులో కింద అగాధం లేదు. కెమెరా ముందు గాజు పలక మీద ఆ లోతు బొమ్మ గీసి, దాని అంచుని అసలు నేల అంచుతో కలిపారు. కెమెరా స్థానం అంగుళం మారినా బొమ్మకీ నేలకీ మధ్య సందు బయటపడుతుంది. కానీ స్కేటింగ్ మాత్రం అతనే చేశాడు. స్కేట్ల మీద అతని పట్టు 'ది రింక్' (1916) నాటికే కుదిరింది.

తోటరాముడు

సరే, చాప్లినా కీటనా అన్న పాత పంచాయితీ మొదలుపెట్టేదా?

మెకానికల్_మావయ్య

వద్దు నాయనా, ఎన్టీఆర్, ఏఎన్నార్ గొడవలాగా తెల్లారిపోతుంది. ఒక్కటి మాత్రం చెప్పి ఊరుకుంటాను. కీటన్‌కి ఎదురుగా ఉండేది యంత్రం, అది తన నియమం తప్పదు. 'ది జనరల్' (1926)లో దిగులుగా రైలింజను చక్రాలని కలిపే కడ్డీ మీద కూర్చుంటాడు. ఇంజను కదులుతుంది, కడ్డీతో పాటు మనిషి పైకీ కిందకీ. ఎంత సాదాగా కనిపిస్తుందో అంత ప్రమాదం. డ్రైవరు ఆవిరి కాస్త ఎక్కువ వదిలితే చక్రం పట్టాల మీద జారి గిర్రున తిరుగుతుంది, కడ్డీ మీద ఉన్నవాడు ఎగిరి అవతల పడతాడు. అందుకని చాలా నెమ్మదిగా కదిలించారు. అదే సినిమాలో వంతెన కూలి ఇంజను నదిలో పడేది కూడా బొమ్మ కాదు. ఒరెగాన్‌లో కాటేజ్ గ్రోవ్ దగ్గర నిజం ఇంజనునే పడేశారు.

సీతాఫల్‌మండి_సీత

చాప్లిన్‌కి ఎదురుగా ఉండేది వస్తువు. దాన్ని ఇంకో వస్తువుగా మార్చేస్తాడు. 'ది పాన్‌షాప్' (1916)లో ఒకడు అలారం గడియారం తాకట్టు పెట్టడానికి తెస్తాడు. చాప్లిన్ దానికి స్టెతస్కోపు పెట్టి వింటాడు, వేలితో తట్టి చూస్తాడు. తర్వాత డబ్బా కత్తితో మూత కోసి లోపల వాసన చూసి మొహం చిట్లిస్తాడు. భాగాలన్నీ బల్ల మీద పోసి నూనె వేస్తాడు. ఆఖరికి ఆ ముక్కలన్నీ ఊడ్చి వచ్చినవాడి టోపీలో పోసి, పనికిరాదని తల ఊపుతాడు. తెచ్చినవాడు నోరు తెరుచుకుని చూస్తూనే ఉంటాడు. ఆ ఎదుటివాడు అంత సీరియస్‌గా చూడకపోతే ఈ సీను లేదు. డాక్టరు, వంటవాడు, మెకానిక్కు అని ఎక్కడా చెప్పడు, చేతి వేళ్ల తీరు మారుతుంది అంతే. ఆరేళ్ల పిల్లకి మాటా అక్కర్లేదు, మధ్యలో తెర మీద మాటలు రాసి చూపించే కార్డూ అక్కర్లేదు.

కార్డుల విషయం వచ్చింది కాబట్టి, సగటు సినిమాకి 240 టైటిల్ కార్డులు ఉండేవని, తన సినిమాల్లో ఎక్కువలో ఎక్కువ 56 అని కీటన్ చెప్పేవాడు. ఇప్పటి ప్రేక్షకుడికి ఇంత తేలిగ్గా దొరకడానికి అదొక పెద్ద కారణం.

కొత్తపేట_కుర్రాడు

అద్భుతంగా ఉంది, చదువుతుంటేనే నవ్వొస్తోంది. మధ్యలో అడ్డొస్తున్నానేమో, మొహాలకి అంత తెల్లటి పూత ఎందుకు? మా పిల్లలు దయ్యం అంటున్నారు.

రీలుపెట్టె

అప్పటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనిపించదు. ఎర్రనిదంతా నల్లగా పడుతుంది, నీలం తెల్లగా పడుతుంది. చర్మంలో ఎరుపు పాలు ఎక్కువ కాబట్టి పూత లేకపోతే మొహం మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఆకాశం ఎప్పుడూ తెల్లకాగితంలా ఉండటానికీ కారణం ఇదే. లారెల్, హార్డీ జంటలోని స్టాన్ లారెల్‌వి లేత నీలికళ్లు, ఆ ఫిల్ములో గుడ్డివాడి కళ్లలా తేలిపోయేవి. 1920ల రెండో సగంలో అన్ని రంగులూ పట్టే పాన్‌క్రోమాటిక్ ఫిల్ము వ్యాప్తిలోకి వచ్చాకే అతని మొహం సరిగ్గా పడింది.

పైగా మీ కాపీ నకలుకి నకలు అయి ఉంటుంది. ప్రతి నకలుకీ కాంట్రాస్టు పెరిగి మొహంలో ముడతలన్నీ కొట్టుకుపోతాయి. కీటన్ లాంటి నవ్వని మనిషికి కళ్ల దగ్గర ఉండే చిన్న కదలికే నటన. అది కనబడని కాపీ వేస్తే సగం సినిమా వేయనట్టే.

తోటరాముడు

క్రీమ్ పై (నురగ పూసిన కేకులాంటి వంటకం) మొహాన కొట్టడం గురించి ఎవరూ మాట్లాడరేంటి? పిల్లలకి కావలసింది అదే.

సీతాఫల్‌మండి_సీత

దానికీ కొలతలున్నాయి. కీటన్ చెప్పిన పద్ధతి ప్రకారం పిండి అడుగు పొర ఒకటి చాలదు, విసిరేటప్పుడు వేళ్లు లోపలికి దిగిపోతాయి. రెండు పొరలు గుల్లగా కాల్చి, మైదా నీళ్ల ముద్దతో ఒకదానికొకటి అంటిస్తారు. లోపలా అదే చిక్కటి ముద్ద పోస్తారు, మొహానికి పట్టుకుని మెల్లగా జారాలి కదా. పైన ఏం వేయాలన్నది తగిలేవాడి జుట్టు రంగుని బట్టి. తెల్లజుట్టు వాళ్లకి నల్లటి బెర్రీ గుజ్జు, నల్లజుట్టు వాళ్లకి తెల్లటి నురగ. నలుపు తెలుపు ఫిల్ములో తేడా కొట్టొచ్చినట్టు కనబడాలి.

కానీ పై విసరడం దానంతటదే నవ్వు తెప్పించదు. లారెల్, హార్డీల 'ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ' (1927)లో మూడువేల పైలు వాడారని ప్రచారం. అందులో తెలివి అంకెలో లేదు. ప్రతి పైకీ ఒక కారణం ఉంటుంది. తగిలినవాడు మొహం తుడుచుకుంటాడు, ఎవరు కొట్టారో చూస్తాడు, ఆలోచిస్తాడు, బండి దగ్గరికి నడిచి వెళ్లి ఇంకోటి తీసుకుంటాడు. గురి తప్పి మూడోవాడికి తగులుతుంది. వీధి మొత్తం అంటుకుంటుంది. ఆ రెండో రీలు చాలా ఏళ్లు దొరకలేదు, 2015లో బయటపడింది.

ఇదే తమాషా ఇంకా చిక్కగా కావాలంటే 'బిగ్ బిజినెస్' (1929). క్రిస్మస్ చెట్లు అమ్మే ఇద్దరు, కొననని తలుపు వేసే ఇంటాయన (నటుడు ఫిన్లేసన్). వాళ్లు ఇతని తలుపు గంట పీకేస్తారు, ఇతను నిలబడి ఓపిగ్గా చూస్తాడు. అడ్డుపడడు. వాళ్ల వంతు అయ్యాక తన వంతుగా వాళ్ల కారు హెడ్‌లైటు పీకుతాడు. వాళ్లూ అడ్డుపడరు. ఆ మర్యాదే నవ్వు.

డాలస్_తెలుగోడు

ఆలస్యంగా వచ్చాను. హక్కుల విషయం ఎవరూ ఎత్తలేదు, అపార్ట్‌మెంట్ అయినా నలుగురికీ వేస్తున్నారు కాబట్టి తెలుసుకోవాలి. భారత కాపీరైట్ చట్టం (1957) ప్రకారం సినిమాకి రక్షణ విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. అంటే ఇక్కడ చెప్పుకున్న మూకీలన్నీ ఎప్పుడో బయటపడ్డాయి. అమెరికాలో కూడా 1929 దాకా వచ్చినవి 2025 జనవరి 1తో స్వేచ్ఛలోకి వచ్చాయి.

చిక్కు సంగీతంతో. సంగీతానికి రక్షణ కట్టినవాడు పోయాక 60 ఏళ్లు. 'సిటీ లైట్స్' (1931), 'మోడరన్ టైమ్స్' సంగీతం చాలావరకు చాప్లిన్‌దే. అతను పోయింది 1977లో, కాబట్టి మన దగ్గర 2037 చివరిదాకా ఉంటుంది. కొత్తగా బాగుచేసి అమ్మే డిస్కుల్లో సంగీతం ఇప్పటివాళ్లది, దానికీ వేరే హక్కు. తేలికైన దారి, 1929 దాకా వచ్చిన సినిమా తీసుకుని, దాని ట్రాక్ మూసేసి, మీ సంగీతం మీరు పెట్టుకోవడం. కొంచెం అనుమానం ఉన్నా డిస్కు వాళ్లకే ఒక మెయిల్ పెట్టి అడగండి, చిన్న ప్రదర్శనలకి చాలామంది ఒప్పుకుంటారు.

హార్మోనియం

మీ సంగీతం అంటే నా పేరు పిలిచినట్టుంది!

ట్రాక్ మూసేసి నిశ్శబ్దంగా మాత్రం వేయకండి. కుర్చీ కిర్రుమన్నా, ఎవరైనా దగ్గినా హాలంతా వినిపిస్తుంది. గట్టిగా నవ్వడానికి జనం మొహమాటపడతారు. ఒక కీబోర్డు, ఒక తబలా లేదా ప్యాడ్స్ చాలు. రెండు రీళ్ల సినిమాకి ఐదారు బాణీలు సిద్ధం చేసుకోండి. నడకకి ఒకటి, ప్రేమకి ఒకటి, కుట్రకి ఒకటి, తరుముడుకి రెండు (రెండోది మొదటిదానికంటే వేగంగా), గాలివానకి ఒకటి.

కొత్తవాళ్లు చేసే తప్పు, పడ్డ ప్రతిసారీ డప్పు కొట్టడం. మూడోసారికి చెవి అలిసిపోతుంది. పదిసార్లు పడితే రెండిటికి కొట్టండి. కొట్టేది కూడా నేలకి తగిలినప్పుడే, గాలిలో ఉన్నప్పుడు కాదు. మావయ్య గారు చెప్పిన గోడ షాట్‌కి అయితే గాలి బాణీని గోడ కదలకముందే ఆపేయండి. ఖాళీ వదలండి. దుమ్ము లేచాక మళ్లీ అందుకోండి.

చేత్తో వాయించడంలో ఉన్న లాభం, జనం నవ్వుతున్నంతసేపు అదే వరస తిప్పుతూ ఉండొచ్చు. రికార్డు చేసిన పాటకి ఆ సందు ఉండదు. మన కచేరీ వాళ్లకి ఇది కొత్తేమీ కాదు, హరికథలో పక్కవాద్యం చేసేది ఇదే.

తోటరాముడు

తెలుగులో చెప్పుకోవాలంటే సింగీతం శ్రీనివాసరావు గారి 'పుష్పక విమానం' (1987) ఉంది కదా. పిల్లలకి అది వేసి, అక్కణ్నుంచి వెనక్కి తీసుకెళ్లొచ్చు.

సీతాఫల్‌మండి_సీత

వేయొచ్చు, కానీ అది మూకీ కాదు. మాటలు లేని టాకీ. అందులో గొప్ప గ్యాగు శబ్దం మీదే నడుస్తుంది. రొదలో బతికే కుర్రాడికి పెద్ద హోటల్ గదిలో ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టదు, తన గది దగ్గరి గోలంతా టేపులో రికార్డు చేసుకొచ్చి పెట్టుకుని పడుకుంటాడు. ఇది కీటన్‌కి సాధ్యం కాదు. మంచుతో చేసిన కత్తి మాత్రం అచ్చంగా 1920ల ఆలోచన. హంతకుడు తయారుగా ఉంటాడు, ఆయుధం కరిగిపోతుంటుంది, చూసేవాడికి అంతా కళ్లముందే.

పైగా దాని హక్కులు ఇంకా ఉన్నాయి, డాలస్ అన్న చెప్పిన లెక్కలో 1987కి 60 కలుపుకోండి.

కొత్తపేట_కుర్రాడు

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. కమిటీ ఆయనకి ఈ థ్రెడ్ మొత్తం పంపించాను, ఇంకా జవాబు లేదు. ఆఖరి ప్రశ్న. గంటన్నరలో ఏ వరసలో వేయాలి? ప్రొజెక్టరు మామూలు ఆఫీసు రకం, తెర పది అడుగుల వెడల్పు.

రీలుపెట్టె

'ది పాన్‌షాప్' ముందు, తర్వాత 'వన్ వీక్', తర్వాత 'బిగ్ బిజినెస్'. మూడూ రెండేసి రీళ్లవి, కలిపి గంటా పావు లోపే. మిగిలిన టైములో 'సేఫ్టీ లాస్ట్' చివర భవనం ఎక్కే భాగం ఒక్కటీ వేయండి. పూర్తి నిడివి సినిమా మొదటి రోజు వద్దు. 'ది జనరల్' గొప్పదే, కానీ మొదటి ఇరవై నిమిషాలు కథ పేర్చడానికే పోతాయి.

తెర సంగతి ముఖ్యం. ఈ సినిమాల ఫ్రేము 4:3. మీ ప్రొజెక్టరు 16:9కి సాగదీస్తే చాప్లిన్ లావైపోతాడు. జూమ్ చేసి నింపితే ఎత్తులో పావు వంతు కోతపడుతుంది, పైన టోపీ, కింద బూట్లు పోతాయి. ఇంతసేపు సీత గారు చెప్పింది ఆ బూట్ల గురించే. సెట్టింగుల్లో 4:3 ఎంచుకోండి, పది అడుగుల వెడల్పుకి ఏడున్నర అడుగుల ఎత్తు కావాలి. తెర అంత ఎత్తు లేకపోతే వెడల్పు తగ్గించుకోండి, పక్కల నల్లగా మిగిలితే ఏమీ కాదు. బొమ్మ ఎడమ అంచున కోసేసినట్టు ఉంటే సౌండ్ ట్రాక్ కోసం అంచు తీసేసిన ప్రింటు అన్నమాట, వేరే కాపీ చూడండి. టీవీ మీద వేస్తే మోషన్ స్మూతింగ్ (లేని ఫ్రేములు పుట్టించి కదలికని నున్నగా చేసే సెట్టింగు) ఆపేయండి.

హార్మోనియం

కార్డులు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి ఒకరు మైకులో తెలుగులో చదవాలి. చదివేవాళ్లు ముందురోజు ఒకసారి సినిమా చూసుకుని, కార్డు వచ్చిన వెంటనే మొదలుపెట్టి, అది పోయేలోపు ఆపేయాలి. సొంత జోకులు కలపకూడదు. మైకు సౌండు కీబోర్డు కంటే కొంచెం ఎక్కువ పెట్టండి, తబలాకి మైకు అక్కర్లేదు.

కొత్తపేట_కుర్రాడు

కమిటీ ఆయన జవాబు వచ్చింది. కార్డులు తనే చదువుతాడట.